కంప్యూటరు పెట్టెకు తాళమేల?

గట్టున కూర్చున్నవానికి ఈత రాదని పెద్దలంటారు. మట్టి ముట్టకుండ వ్యవసాయ విద్య ముగించిన విద్యార్థిని మనం ఊహించలేము. కాని కంప్యూటరు శాస్త్రం చదివే విద్యార్థి మూడు సంవత్సరాలలో ఒక్క పర్యాయమైనను ఆ యంత్రపు పెట్టె లోపల ఏమున్నదో చూడకుండ పట్టం పుచ్చుకొనుట మన కళాశాలలో నేడు సాధారణమైనది. ఇందుకు అధ్యాపకుల అశ్రద్ధ గాని, విద్యార్థుల అనాసక్తి గాని కారణమని మేము అనము. మన కంప్యూటరు గదిలోని పెట్టెలకు గత విద్యా సంవత్సరం నుండి తాళాలు పడి ఉన్నవి. ఆ తాళాలు పడుటకు కారకులము మేమే. కావున వాటిని గురించి మాట్లాడవలసిన బాధ్యత కూడ మాదే అని తలచి, విద్యార్థి మిత్రుల ముందును, కమిటీ పెద్దల ముందును ఈ నాలుగు మాటలు ఉంచుతున్నాము.

ముందుగా జరిగినది చెప్పుట న్యాయం. మన గదిలోని డెస్క్‌టాప్ వర్క్‌స్టేషన్లు కొన్న నాడు మంచివే. నేడు మీట నొక్కిన పిమ్మట అవి పనికి సిద్ధమయ్యేలోగా అధ్యాపకులు హాజరు పట్టిక మొత్తం పిలిచి ముగిస్తారు. ఈ జాప్యం పోగొట్టుటకు ఒక యంత్రంలో అదనంగా ఒక సాలిడ్ స్టేట్ డ్రైవ్, అనగా వాడుకలో ఎస్.ఎస్.డి., అమర్చి చూతుమని మేము నలుగురం అనుమతి కోరాము. అనుమతి లభించినది. మేము ఎన్నుకున్న యంత్రంలోనే మన కళాశాల పాత వార్షిక సంచికల స్కాను పుటలు ఉండినవి. కాతిబుల చేతి వ్రాతతో రాతి అచ్చున వెలువడిన ఉర్దూ పుటలు, సీసపు అక్షరాలతో కూర్చిన తెలుగు పుటలు, మన పూర్వ విద్యార్థుల తొలి కథలు, తొలి గజళ్లు అందులో ఉండినవి.

పెట్టె తెరచుట, డిస్కు బిగించుట, తీగలు తగిలించుట నిరాటంకంగా జరిగినవి. పొరపాటు అంతా తెర ముందు జరిగినది. పాత హార్డ్ డిస్కు, కొత్త ఎస్.ఎస్.డి. రెండును ఒక టెరాబైటువే. తెర మీద రెండును 931 గిగాబైట్లుగానే కనిపించినవి. కొత్త డిస్కును ముందు రోజే మరొక యంత్రంలో పరీక్షించి పార్టిషను ఏర్పరచి ఉన్నందున, ఏది ఖాళీయో గుర్తించే సూచన కూడ లేకపోయినది. తొలి సంఖ్య పాతదానిదనీ, తరువాతి సంఖ్య కొత్తదానిదనీ మేము తలచాము. కాని ఆ సంఖ్యలు డిస్కు వయస్సును బట్టి రావు. ఏ తీగ మదర్‌బోర్డు మీది ఏ రంధ్రంలో ఉన్నదనే దానిని బట్టి మారగలవు. పని సౌకర్యానికి మేము పాత డిస్కు తీగను మరొక రంధ్రంలోకి మార్చి ఉన్నాము. తత్ఫలితంగా చెరిపినది పాతదానిని. దాని మీదనే కొత్త ఆపరేటింగ్ సిస్టం వ్రాయబడినది.

ఒక అధ్యాపకుల పెన్ డ్రైవులో ఉన్నంత వరకు పుటలు తిరిగి దొరికినవి. గ్రంథాలయంలో కాగితపు ప్రతులున్న సంచికలను మరల స్కాను చేయవచ్చును. కాని రెండు సంచికలు ఒక వృద్ధ పూర్వ విద్యార్థి ఇంటి నుండి ఎరువు తెచ్చి, స్కాను చేసి, తిరిగి అప్పగించినవి. తరువాత ఆ కుటుంబం నగరం విడిచి వెళ్లినది. ఆ రెండు సంచికలు ఇప్పుడు మనకు లేవు. ఈ వాక్యం వ్రాయుటకు మాకు ఎంతో సిగ్గుగా ఉన్నది. తప్పు మాది. ఇందులో ఇతరుల భాగమేమియు లేదు.

మరుసటి వారం పెట్టెలకు తాళాలు పడినవి. తాళం వేస్తూ మా అటెండరు చాచా అన్న మాట మరువలేకున్నాము: "బేటా, మీ చెయ్యి మంచిదే. మీ తొందర మంచిది కాదు." కమిటీ పెద్దల ఆగ్రహం ధర్మమైనదేనని మేము అంగీకరిస్తున్నాము. కాని తాళం ఏ ప్రమాదాన్ని ఆపగలదో, దేనిని ఆపలేదో ఒక్క పర్యాయం శాంతంగా యోచించవలసినదిగా ప్రార్థిస్తున్నాము.

పెట్టె లోపల ఉన్న హార్డ్ డిస్కు తిరిగే యంత్రం. 1956లో ఐ.బి.యం. వారు రామాక్ కంప్యూటరుతో తొలి డిస్కు నిల్వను లోకానికి అందించారు. 24 అంగుళాల వ్యాసం గల 50 పళ్లాలు కలిసి సుమారు 50 లక్షల అక్షరాలను భద్రపరచేవి. నేటి డిస్కు అరచేతిలో ఇముడుతున్నది, దాని నిల్వ లక్షల రెట్లు పెరిగినది. కాని పళ్లెం తిరుగుట, దాని మీద చదివే ముల్లు కదలుట అన్న మూలసూత్రం మారలేదు. సాధారణ డెస్క్‌టాప్ డిస్కు నిమిషానికి 7200 సార్లు, అనగా సెకనుకు 120 సార్లు తిరుగుతుంది. కోరిన సమాచారం ముల్లు కిందికి వచ్చుటకు సగటున సగం చుట్టు, అనగా సెకనులో 240వ వంతు ఆగవలెను. ముల్లు కదలుటకు దాదాపు అంతకు రెట్టింపు కాలం పట్టును. రెండును కలిపిన సెకనులో సుమారు 80వ వంతు. చెదరి ఉన్న చిన్న చిన్న ఫైళ్లను వెదకవలసి వచ్చినప్పుడు ఇట్టి డిస్కు సెకనుకు సుమారు ఎనభై పర్యాయాలు మాత్రమే సమాధానమీయగలదు. మీట నొక్కినప్పుడు కంప్యూటరు తెరవవలసినవి వేలకొలది చిన్న ఫైళ్లు. హాజరు పట్టిక ముగిసేదాక యంత్రం మేల్కొనకపోవుటకు ముఖ్య కారణం ఇదే.

ఎస్.ఎస్.డి.లో తిరిగే పళ్లెం లేదు, కదిలే ముల్లు లేదు. జపాను దేశస్థుడైన ఫుజియో మసువోకా తోషిబా సంస్థలో పనిచేస్తూ 1984లో లోకానికి వెల్లడించిన ఫ్లాష్ మెమరీ దీనికి ఆధారం. విద్యుదావేశాన్ని సూక్ష్మమైన గడులలో బంధించి ఉంచుటే ఇందలి కిటుకు. సమాచారం ఏ గడిలో ఉన్నను దాదాపు సమాన కాలంలో, సెకనులో పదివేలవ వంతుకు అటూఇటూగా, చేతికి వచ్చును. సాటా తీగ మీద పనిచేసే ఎస్.ఎస్.డి. వరుసగా చదువునప్పుడు సెకనుకు సుమారు 550 మెగాబైట్లు ఇవ్వగలదు. ఈ వేగం మంచిదే. కాని వెదకులాటలో మిగిలే కాలమే మన వంటి పాత యంత్రాలకు అసలు లాభం. అయితే ఎస్.ఎస్.డి. వలన ప్రాసెసరు వేగం పెరగదు, తక్కువైన ర్యాము ఎక్కువ కాదు. ఈ మాట చెప్పకుండ ప్రయోజనం మాత్రమే చెప్పిన, అది అంగడివాని ప్రకటన అవుతుంది.

ఇప్పుడు తాళం విషయానికి వత్తుము. తిరిగే యంత్రం ఏదైనను ఒక నాటికి అరిగిపోవును. తాళం వేసిన పెట్టెలోని డిస్కు కూడ తిరుగుచునే ఉన్నది, అరుగుచునే ఉన్నది. పిడుగు పడి విద్యుత్తు ఒక్కుమ్మడిగా పొంగిన తాళం ఆపలేదు. కీబోర్డు ముందు కూర్చున్నవాని తప్పుడు ఆదేశాన్ని కూడ ఆపలేదు. గత సంవత్సరం మేము చేసిన తప్పు తాళం వేసిన పెట్టె ముందు కూర్చుండి కూడ చేయదగినదే! పుటలు పోవుటకు కారణాలు మూడు. వాటికి మరొక ప్రతి లేకపోవుట మొదటిది. పాత డిస్కు తీగ ఊడదీయకుండ పని సాగించుట రెండవది. వ్రాతపూర్వకమైన పద్ధతి ఏదియు మా ముందు లేకపోవుట మూడవది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి సవరించినను ఆ రెండు సంచికలు నేడు మనకు ఉండెడివి.

"అదనపు డిస్కు వచ్చినది గదా, ఇక భయమేల?" అనే మిత్రులు కొందరున్నారు. ఇల్లు అలకగానే పండుగ కాదు. ఒకే పెట్టెలో రెండు డిస్కులున్నంత మాత్రాన మన సమాచారానికి రెండు ప్రతులున్నట్లు కాదు. రెండింటికి విద్యుత్తు ఒకే మార్గాన వచ్చును. దొంగ వచ్చిన రెండును పోవును. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి మన నగరాన్ని ముంచినప్పుడు, ఒకే ఇంటిలో రెండు గదులలో దాచిన సొమ్ము కూడ ఆ ఇంటితోనే కొట్టుకొనిపోయినది. ప్రతి అనునది వేరొక చోట ఉన్నప్పుడే దానికి ఆ పేరు తగును.

ఇంకొక సూక్ష్మం కలదు. ఎస్.ఎస్.డి.లో చెరిపిన దానిని తిరిగి రాబట్టుట హార్డ్ డిస్కులో కంటె కష్టం. ట్రిమ్ అను ఆదేశం వలన చెరిపిన గడులు త్వరలోనే నిజముగా ఖాళీ చేయబడును. మరియు విద్యుత్తు లేకుండ చిరకాలం పడి ఉన్న ఎస్.ఎస్.డి.లోని ఆవేశం క్రమంగా కారిపోవును. వాడి వాడి ఆయుష్షు తీరిన సాధారణ ఎస్.ఎస్.డి. 30 డిగ్రీల వేడిలో, విద్యుత్తు లేకుండ, ఒక సంవత్సరం పాటు సమాచారం నిలుపుకొన్న చాలునన్నదే జెడెక్ వారి ప్రమాణం. మన వేసవిలో బీరువా లోపలి వేడి అంతకు మించునని వేరుగా చెప్పనక్కరలేదు. కావున నిత్యం నడిచే ఆపరేటింగ్ సిస్టమును ఎస్.ఎస్.డి. మీదను, పెద్ద ఫైళ్లను పాత హార్డ్ డిస్కు మీదను, వాటి ప్రతులను బీరువాలోని వేరొక హార్డ్ డిస్కు మీదను, ఇంకొక ప్రతిని కళాశాల వెలుపలను ఉంచుట ఉత్తమమని మా అభిప్రాయం. పాత డిస్కును తీసివేయక అదనంగా మరొకటి చేర్చుదుమని మేము కోరుటలో ఉద్దేశం ఇదే.

పని స్వభావం తెలియని వారికి ఇది బ్రహ్మవిద్యగా తోచును. నిజమునకు క్రమం తప్పని శ్రద్ధ ఉన్న చాలును. ముందుగా ప్రతి తీసి, ఆ ప్రతి తెరుచుకొనుచున్నదో లేదో చూడవలెను. యంత్రం ఆపి, గోడ నుండి తీగ ఊడదీసి, లోపల మిగిలిన విద్యుత్తు పోవుటకు మీటను ఒకసారి నొక్కవలెను. పెట్టె లోహభాగాన్ని తాకి మన ఒంటి మీది స్థిర విద్యుత్తును వదిలించుకొనవలెను. రెండున్నర అంగుళాల ఎస్.ఎస్.డి.ని మూడున్నర అంగుళాల గూటిలో బిగించుటకు చిన్న లోహపు చట్రం దొరకును. సమాచారపు తీగకు 7 కొనలు, విద్యుత్తు తీగకు 15 కొనలు ఉండును. రెండింటి మొనలును ఒక ప్రక్క వంగి ఉన్నందున తలక్రిందుగా దూరవు. దూరనప్పుడు బలం ప్రయోగించరాదు, త్రిప్పి చూడవలెను.

కొంత కొత్త బోర్డులలో ఎం.2 అను సన్నని గాడి ఉండును. అందులో పట్టే డిస్కు 22 మిల్లీమీటర్ల వెడల్పు, సాధారణంగా 80 మిల్లీమీటర్ల పొడవు గల చిన్న పలక. దానిని ఏటవాలుగా దూర్చి, మెల్లగా వంచి, ఒక్క మర బిగించవలెను. ఆ గాడి సాటా డిస్కుకో, ఎన్.వి.ఎం.ఇ. డిస్కుకో, రెండింటికో అన్నది బోర్డుతో వచ్చిన పుస్తకంలో చూచి తెలిసికొనిన పిదపనే డిస్కు కొనవలెను. కొన్ని బోర్డులలో ఆ గాడి నిండిన సాటా రంధ్రాలలో ఒకటి రెండు పనిచేయవు. అది తెలియక పాత డిస్కు చెడినదని కంగారు పడిన వారు కలరు.

అటుపిమ్మట వచ్చును మేము తప్పిన మెట్టు. కొత్తదాని మీద ఆపరేటింగ్ సిస్టం ఎక్కించునంత సేపు పాత డిస్కు తీగ ఊడదీసి ఉంచవలెను. లేని డిస్కును ఎవరును చెరుపలేరు. ప్రతి డిస్కు మీది నమూనా పేరు, క్రమసంఖ్య కాగితం మీద వ్రాసికొని, వాటిని తెర మీది పేర్లతో సరిచూడవలెను. పరిమాణాన్ని గాని, వరుస సంఖ్యను గాని నమ్మరాదు. రెండు సంచికలు పోగొట్టుకొని మేము నేర్చిన పాఠం ఇంతే.

పెద్దల సందేహాలు రెండు మాకు తెలియును. "పాతవానికి ఖర్చేల, కొత్తవే కొందుము" అన్నది మొదటిది. ఇందులో కొంత సత్యం కలదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి సాధారణ మద్దతు ముగిసినది. విండోస్ 11 కోరే టి.పి.ఎం. 2.0 వంటి ఏర్పాట్లు మన పాత యంత్రాలు కొన్నింటిలో లేవు. ఎస్.ఎస్.డి. ఎంత వేగవంతమైనను ఈ లోటు తీర్చలేదు. అట్టి యంత్రాలలో ఉచితంగా లభించే లినక్సు వేయవచ్చును. తెలుగును, ఉర్దూను రెండింటిని అది చక్కగా చూపును. కాని మన ఉర్దూ విభాగం వారు నస్తాలీఖు లిపిలో పుటలు కూర్చే ఇన్‌పేజ్ విండోస్ మీద నడిచేది. కావున వారి కొరకు ఒకటి రెండు కొత్త యంత్రాలు కొనుట అవసరమే. మిగిలిన వాటికి డిస్కు ఖర్చు మాత్రమే చాలును. ఒక కొత్త యంత్రం ధరతో అనేక పాత యంత్రాలను నిలబెట్టుట పొదుపు గల ఇల్లాలు చేసే పనియే.

"బయటి వారికి అప్పగించిన పోదా, పిల్లల చేత చేయించనేల?" అన్నది రెండవ సందేహం. బయటి వారు వచ్చెదరు, మర బిగించెదరు, బిల్లు ఇచ్చి వెళ్లెదరు. యంత్రం వేగం పెరుగును, విద్యార్థి ఉన్నచోటనే ఉండును. ఇక్కడ చదివే వారిలో అధికులు ఇంట కంప్యూటరు లేనివారు. ఈ గదిలో పెట్టె తెరువని విద్యార్థికి మరొక చోట ఆ అవకాశం దొరకదు. స్వంత యంత్రం గలవాడు తన యింట తప్పు చేసి నేర్చుకొనును. లేనివాడు తప్పు చేయుటకైనను కళాశాలయే దిక్కు. విద్యార్థినులకు ఈ మాట మరింత వర్తించును. మరమ్మతు దుకాణంలో కూర్చుండి పని నేర్చుకొనే అవకాశం మన సోదరులకున్నంతగా మన సోదరీమణులకు లేదు.

మన నగరానికి ఈ విషయంలో గొప్ప వారసత్వం కలదు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు గారు, మిత్రులును ఇక్కడ విజ్ఞాన చంద్రికా మండలిని నెలకొల్పి శాస్త్ర విషయాలను తెలుగులో అందించారు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ బోధనా భాషగా వెలసినది. దానికి కావలసిన శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చుటకు అనువాద సంస్థ ఒకటి పనిచేసినది. శాస్త్రం తల్లి భాషలో చెప్పిన అర్థమగునని ఆ పెద్దలు నమ్మారు. మన కంప్యూటరు గది గోడ మీద నేడు ఉర్దూలో గాని, తెలుగులో గాని ఒక్క పద్ధతి కాగితమైనను లేదు. ఆంగ్ల పుస్తకంలోని హెచ్చరికను సగం అర్థం చేసికొని తొందరపడిన వారిలో మేమును ఉన్నాము.

కావున కమిటీ పెద్దలకు మా మనవి ఇది. పెట్టెల తాళపు చెవులు అధ్యాపకుల వద్ద ఉంచి, ఒక రిజిస్టరులో సంతకం చేసిన విద్యార్థుల చేత, అధ్యాపకుల సమక్షంలో పని చేయించవలెను. మొదట సమాచారమేదియు లేని ఒకే యంత్రంలో చేసి చూపిన పిదపనే తక్కినవి అప్పగించవలెను. ప్రతులు ఉంచుటకు రెండు హార్డ్ డిస్కులు కొని, ఒకటి గ్రంథాలయపు బీరువాలో, ఒకటి కళాశాల వెలుపల భద్రపరచవలెను. పని పద్ధతిని ఉర్దూలోను, తెలుగులోను వ్రాసి గోడకు అతికించవలెను. ఆ కాగితం వ్రాసే పని మాకు అప్పగించిన, సెలవు రోజులలో పూర్తి చేసి ఇవ్వగలము.

విద్యార్థి మిత్రులకు మా మనవి వేరొకటి. తాళం తీసిన నాడు మొదట స్క్రూ డ్రైవరు పట్టుకొనకండి, కాగితం, కలం పట్టుకొనండి. ఏ డిస్కు ఏదో వ్రాయండి. ప్రతి ఉన్నదని ఎవరో చెప్పిన మాట వినక, తెరచి కన్నులార చూడండి. అనుమానం కలిగిన ఆగండి. ఆగినందుకు ఎవరును నవ్వరు.

మేము ఈ సంవత్సరం కళాశాల విడిచి వెళ్తున్నాము. వెళ్లే లోపల, గ్రంథాలయంలో మిగిలిన పాత సంచికలను మరల స్కాను చేయుట మొదలుపెట్టాము. పోయిన ఆ రెండు సంచికల ప్రతులు పూర్వ విద్యార్థులలో ఎవరి యింటనైనను ఉన్న, కొద్ది దినాలకు కళాశాలకు ఎరువు ఇప్పించవలసినదిగా ఈ పుటల ద్వారా ప్రార్థిస్తున్నాము. ఈ పర్యాయం స్కాను చేసిన నాడే మూడు ప్రతులు తీసి, ఒకదానిని వారి చేతికే ఇచ్చి పంపగలము.